మెల్‌బోర్న్ బ్యాగ్ విషయంలో నా అభ్యంతరం

నా పదవీ విరమణ రోజున సింగపూర్ పాయా లేబర్‌లోని మా ఆఫీసులో కేకు కోశారు. కాగితపు పళ్లేల్లో సమోసాలు పెట్టారు. నాకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడైన ఒక తెలుగు ఇంజనీరు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మీ టైమే టైము అంకుల్. ఆంటీని తీసుకుని కంపెనీ ఖర్చు మీద ఆస్ట్రేలియా అంతా తిరిగొచ్చారట. బీచులు, చేపలు... మమ్మల్ని ఫెర్రీ ఎక్కించి పక్కనున్న బాతామ్ దీవికి కూడా పంపరు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాను.

"అందరూ అనుకుంటారంకుల్. ఆంటీ బ్యాగ్ పోగొట్టిన కథ కూడా విన్నాను."

నా ముఖం చూసి అతను ఆగిపోయాడు. "సారీ అంకుల్. కేకు తినండి," అన్నాడు.

తినలేదు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఈ సంగతులు జరిగేనాటికి అతను పలకా బలపం పట్టుకుని ఉంటాడు. ఎవరో చెప్పింది విన్నాడు, విన్నది చెప్పాడు. కానీ ఒక అబద్ధం అన్నేళ్లు ఒక ఆఫీసులో జీతం లేకుండా ఉద్యోగం చేస్తూ, నేను రిటైరైన తరువాత కూడా అక్కడే ఉండబోతోందని ఆ రోజు అర్థమైంది.

ఇంటికి వెళ్లి నా భార్యకు చెప్పాను. అప్పటికి ఆమె బతికే ఉంది. అంతా విని, "దానికని కేకు తినకుండా వచ్చారా?" అంది.

నేను ఫిర్యాదుల మనిషినని ఆఫీసులో నాకు పేరు. అది నిజమే. ఏసీ చల్లదనం దగ్గర్నుంచి సెలవుల లెక్క దాకా దేన్నీ ఊరికే వదిలిపెట్టలేదు. వాటిలో సగం ఇప్పుడు నాకే గుర్తు లేవు. ఇది మాత్రం గుర్తుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్లు ఆ కథ ఎక్కడైనా వింటే, దాని రెండో వైపు కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాను.

అవి కంప్యూటర్ చదువుకున్నవాళ్లను విమానాల్లో ఎక్కించి ఎక్కడికంటే అక్కడికి పంపిస్తున్న రోజులు. బాపట్ల దగ్గర పుట్టిన నేను, ఒంగోలు అమ్మాయిని పెళ్లి చేసుకుని సింగపూర్‌లో జురాంగ్ ఈస్ట్‌లో అద్దె ఫ్లాట్‌లో దిగాను. మా కంపెనీ కోల్డ్ స్టోరేజీ గిడ్డంగులకు సాఫ్ట్‌వేర్ చేసేది. చేపలు, మాంసం, పళ్లు ఏ అరలో ఉన్నాయి, ఏది ముందు వచ్చింది, ఏది ముందు బయటికి పోవాలి అని చెప్పే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో ఒక కుటుంబ సంస్థకు పెర్త్, అడిలైడ్, మెల్‌బోర్న్ నగరాల్లో మూడు గిడ్డంగులు ఉండేవి. ఆ మూడింటిలోనూ మా సిస్టమ్ పెట్టాలి.

ప్రోగ్రాములు నావి. పనివాళ్లకు నేర్పడానికి ఒక ట్రైనర్ కావాలి. ఉన్న ట్రైనర్ మానేసి అమెరికా కంపెనీలో చేరిపోయాడు. నా భార్య ఎమ్మెస్సీ చదివి, కంప్యూటర్ కోర్సు కూడా చేసి, ఇంట్లో ఖాళీగా ఉంది. ఆమెను తీసుకుందామన్న ఆలోచన నాది కాదు, మా మేనేజర్‌ది. ఇది గుర్తుపెట్టుకోండి. "భార్యాభర్తలైతే హోటల్లో ఒక గది చాల్తాది," అని డైరెక్టర్‌కు చెప్పి ఒప్పించింది ఆయనే. నలుగురూ నన్ను చూసి అసూయపడిన ఆ ప్రయాణం పుట్టింది అలా.

ఆ మేనేజర్ మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగాయన. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకు వెళ్లినవాళ్లు. ఆయన తెలుగులో ఆ పాత యాస అలాగే ఉండేది, మధ్యమధ్య మలయా మాటలు పడేవి, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' అని తగిలించేవాడు. మంచి మాటకారి. నన్ను తమ్ముడూ అనేవాడు, ఆమెను చెల్లెమ్మా అనేవాడు.

"చూడు చెల్లెమ్మా, ఇప్పుడు నీది కాంట్రాక్టు. మూడు గిడ్డంగులూ బాగా నడిచాయనుకో, నిన్ను పర్మనెంట్ చేసేస్తాను. డైరెక్టర్‌తో మాట్లాడేశాను లా," అన్నాడు ప్రయాణానికి ముందు.

ఆమె ఆ మాటను దాచుకుంది. పెళ్లయ్యాక సింగపూర్‌లో ఉండడానికి ఇచ్చిన ఆమె పాస్ మీద "ఆధారపడిన వ్యక్తి" అని ఉండేది. అది చూసినప్పుడల్లా ఆమె ముఖం ఒకలా అయిపోయేది. తన పేరు మీద తన ఉద్యోగం. ఆమె కోరుకున్నది అంతకంటే ఎక్కువ ఏమీ కాదు.

పెర్త్ విమానాశ్రయంలో మా కరివేపాకు తీసి చెత్తబుట్టలో వేశారు. ఒంగోలు నుంచి వచ్చిన కందిపొడి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశారు. గిడ్డంగిలో అడుగుపెడితే శ్వాస పొగలా బయటికి వచ్చేది. అక్కడి పనివాళ్లు దిండ్లంత లావు చేతి తొడుగులు వేసుకుని ఉండేవాళ్లు. మేము తీసుకువెళ్లిన స్కానర్ల మీటలేమో వేరుసెనగ గింజలంత. ఆఫీసులో కూర్చుని తయారుచేసిన నాకు ఆ సంగతి తట్టలేదు. ఆమె మొదటి రోజే తానూ తొడుగులు వేసుకుని, మీటలు నొక్కడానికి ప్రయత్నించి, నా వైపు తిరిగి, "ఏవండీ, వీటిలో వాళ్లు వాడేవి నాలుగే మీటలు. మిగతావి ఎందుకు? ఆ నాలుగింటినీ పెద్దగా చేసే మార్గం చూడండి," అంది. చూశాను. తెర మీద నేను రాసిన మాటలు తీసేయించి, పనివాళ్లు రోజూ వాడే మాటలు పెట్టించింది. ఆ మార్పులు తరువాత మా కంపెనీ అన్ని దేశాల్లోనూ అమ్ముకుంది. ఎక్కడా ఆమె ప్రస్తావన లేదు. అది వేరే ఫిర్యాదు, ఇప్పుడు వద్దు.

శని ఆదివారాలు సముద్రం దగ్గరికి పోయేవాళ్లం. మా బాపట్ల వైపు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పెర్త్‌లో సముద్రంలోకి దిగిపోతాడు. మొదటిసారి చూసినప్పుడు ఆమె తినడం మర్చిపోయింది. కాగితంలో చుట్టి ఇచ్చిన వేయించిన చేప మా ఒళ్లో చల్లారిపోయింది. కొంగల్లాంటి తెల్ల పిట్టలు మా చుట్టూ చేరి బంగాళదుంప ముక్కల కోసం అరుస్తున్నాయి. "వీటికి ఏమాత్రం సిగ్గు లేదండీ," అని ఆమె నవ్వుతూ ఒక్కొక్కటే వేసింది.

అడిలైడ్‌లో విమానం దిగగానే పళ్లు పారేయమని ఒక పెట్టె కనిపించింది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పళ్లు తీసుకెళ్లకూడదట. మా దగ్గర మంచి ఆపిల్ పళ్లున్నాయి. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ పెట్టె పక్కనే నిలబడి ఇద్దరం వాటిని తినేశాం. పొట్టలు ఉబ్బి, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ టాక్సీ ఎక్కాం. ఆ ఊళ్లో ట్రాము ఎక్కితే తిన్నగా సముద్రపు ఒడ్డున దింపేది. గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక ఇటలీ పెద్దాయన తన పెరట్లో కాసిన ఆలివ్ కాయలు ఉప్పులో ఊరేసి తెచ్చి ఇస్తే, ఆమె ఆయనకు మాగాయ ఇచ్చింది. ఆయన దాన్ని రొట్టె మధ్య పెట్టుకుని తిని, కళ్లు తుడుచుకుని, ఇంకా ఉందా అని అడిగాడు.

అక్కడి నుంచి ఆమె ఆఫీసుకు ఒక పోస్టుకార్డు పంపింది. సముద్రం బొమ్మ, వెనక "అందరికీ నమస్కారాలు, రెండో గిడ్డంగి మొదలైంది" అని. దాన్ని బోర్డుకు గుచ్చి, కింద ఎవరో "జీతంతో హనీమూన్" అని రాశారు. నవ్విన వాళ్లలో మా మేనేజర్ కూడా ఉన్నాడని తరువాత తెలిసింది. మేము ఆ వారమంతా మంచు గదిలో నిలబడి పనిచేశామని ఆ కార్డు మీద లేదు కదా.

మెల్‌బోర్న్ గిడ్డంగి మూడింటిలోనూ పెద్దది. దాని సూపర్‌వైజర్ యాభై దాటిన ఆవిడ. పొట్టి జుట్టు, పెద్ద గొంతు. మొదటి రోజు మమ్మల్ని చూసి, "మీ కంప్యూటర్ చెడిపోతే నా లారీలు రోడ్డు మీద నిలబడతాయి. అది మాత్రం మర్చిపోవద్దు," అంది. నాతో ఆవిడ అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. నా భార్యతో మాత్రం స్నేహమైపోయింది. ఒక ఆదివారం ఇంటికి పిలిచి పెరట్లో గొర్రె మాంసం కాల్చి పెట్టింది. నా భార్య తాను తెచ్చిన మిరియాల పొడి చల్లింది. ఆ ఇంటివాళ్లు మిగతా పొడి కూడా అడిగి తీసుకున్నారు.

కొత్త సిస్టమ్ ఒక సోమవారం పొద్దున మొదలుకావాలి. శనివారం మధ్యాహ్నం మా మేనేజర్ సింగపూర్ నుంచి దిగాడు. సోమవారం నడపాల్సిన చివరి ప్రోగ్రాము ఆయన లాప్‌టాప్‌లో ఉంది. ఆ రోజుల్లో అంత పెద్దదాన్ని హోటల్ ఫోన్ లైను మీద పంపడం అయ్యే పని కాదు. మనిషే మోసుకు రావాలి. తేవడానికి నేను వెళ్తానంటే, "నీకెందుకు తమ్ముడూ, నేనొస్తాను కదా. మూడోది మొదలవుతుంటే నేను ఉండాలి," అన్నాడు.

ఆయన ఆకలిగా ఉన్నాడు. సముద్రపు ఒడ్డున తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉన్న ఒక హాలుకు తీసుకెళ్లాం. శనివారం కావడంతో జనం కిటకిటలాడుతున్నారు. ఆయన ఖాళీ బల్ల ఒకటి చూసి, పరుగున వెళ్లి, దాని మీద తన లాప్‌టాప్ బ్యాగ్ పెట్టాడు. జేబులోంచి టిష్యూ పొట్లం తీసి బ్యాగ్ మీద పెట్టాడు.

సింగపూర్‌లో ఉన్నవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మన ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడి హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాల హాలులో, బల్ల దొరికితే దాని మీద టిష్యూ పొట్లమో, గొడుగో, ఆఫీసు కార్డో పెట్టి తిండి తెచ్చుకోవడానికి పోతాం. దాన్ని చోప్ చేయడం అంటాం. ఆ బల్ల ఇక మనది. ఎంత జనం ఉన్నా ఎవరూ కూర్చోరు, దాని మీద ఉన్నదాన్ని ముట్టుకోరు. పుట్టినప్పటి నుంచి ఇక్కడ ఉన్నవాళ్లకు ప్రపంచమంతా ఇలాగే ఉంటుందనిపిస్తుంది.

"చోప్ అయిపోయింది. పదండి, మకాన్!" అన్నాడు మేనేజర్. మకాన్ అంటే మలయా భాషలో తిండి.

నా భార్య కదల్లేదు. "సార్, నేనిక్కడ కూర్చుంటాను. మీరిద్దరూ తీసుకురండి," అంది.

"ఏటి చెల్లెమ్మా, ఏ చేప బాగుంటాదో నీకే కదా తెలుసు. నువ్వు రాకపోతే ఎలాగ?"

"పోనీ బ్యాగ్ నా భుజానికి ఇవ్వండి సార్."

"అది తీసేస్తే బల్ల పోతాది లా! అస్తమానూ భయమేటి నీకు? రా రా."

పెద్దవాడు, పై అధికారి, ఆకలి మీద ఉన్నాడు. ఆమె వచ్చింది. వరుస పొడుగ్గా ఉంది. వరుసలో ఉన్నంతసేపూ ఆమె తల తిప్పి చూస్తూనే ఉంది గాని, మధ్యలో జనం అడ్డు. చేపలు పట్టుకుని మేము తిరిగి వచ్చేసరికి ఆ బల్ల దగ్గర ఒక కుటుంబం కూర్చుని పిజ్జా తింటోంది. బ్యాగ్ లేదు. టిష్యూ పొట్లం కూడా లేదు.

"ఇది మా బల్ల," అన్నాడు మేనేజర్.

ఆ ఇంటాయన అర్థం కానట్టు చూశాడు. "మేము వచ్చేసరికి ఖాళీగా ఉంది మిత్రమా. ఇంకో మూడు కుర్చీలు లాక్కుని మీరూ కూర్చోండి," అన్నాడు. మంచివాడే.

బల్లలు తుడిచే అమ్మాయిని అడిగితే, ఎవరో మర్చిపోయిన బ్యాగ్ అనుకుని గార్డుకు ఇచ్చేశానంది. టిష్యూలను చెత్తలో వేసిందట. గార్డు అప్పటికే డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. దొరికిన సామాన్లు పెట్టే గదికి తాళం వేసి ఉంది. తలుపు మీద సోమవారం తెరుస్తామని కాగితం అంటించి ఉంది. లారీలు వచ్చేది కూడా ఆ సోమవారమే.

చేపలు చేతుల్లో పట్టుకుని, హాలు బయట ఇసుక పక్కనున్న గట్టు మీద కూర్చున్నాం. మేనేజర్ ముఖం పాలిపోయింది. ఆ క్షణంలో ఆయన మీద జాలి కలిగిందని కూడా రాయాలి. ఆయన నా వైపు జరిగాడు.

"తమ్ముడూ, ఒక పని చేద్దాం. గిడ్డంగిలో వాళ్ల నెట్‌వర్క్ ఇంకా సరిగా లేదని చెప్దాం. వారం వాయిదా వేయమందాం. ఈలోగా బ్యాగ్ వచ్చేస్తాది. ఎవరికీ ఏటీ తెలీదు."

నేనేదో అనబోయేలోగా నా భార్య అంది. "నెట్‌వర్క్ సరిగానే ఉంది సార్. ఆవిడ తన మనుషుల్ని సెలవు రోజుల్లో కూడా పిలిచి పూర్తి చేయించింది. బాగా లేదని మనం అంటే ఆ మాట ఆవిడ మీదికి పోతుంది."

"పోతే పోనీ. పెద్ద కంపెనీ వాళ్లది, సర్దుకుంటారు."

"ఆవిడ ఇంట్లో భోంచేశాం సార్."

అంతే అంది. హాలు పక్కనున్న టెలిఫోన్ బూత్‌లోకి వెళ్లి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసింది. నేను బూత్ తలుపు దగ్గరే నిలబడి విన్నాను. "మేము బల్ల మీద బ్యాగ్ వదిలేసి వెళ్లాం, సోమవారం పని దానిలో ఉంది," అని చెప్పింది. ఎవరు వదిలారో చెప్పలేదు. తరువాత అడిగితే, "అంత పెద్దాయన్ని బయటివాళ్ల ముందు ఎందుకండీ చిన్నబుచ్చడం?" అంది. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

సూపర్‌వైజర్ ముందు గట్టిగా నవ్విందట. తరువాత ఎవరెవరికి ఫోన్ చేసిందో, ఎంత గొంతు పెంచిందో నాకు తెలియదు. పొద్దు వాలకముందే తన పికప్ ట్రక్కులో ఆ హాలుకు వచ్చింది. ఆవిడ వెనకే తాళాలగుత్తి పట్టుకుని ఒకతను వచ్చాడు. బ్యాగ్ భద్రంగా ఉంది. ఆవిడ దాన్ని నా భార్య చేతికి ఇచ్చి, "నువ్వు నిజం చెప్పావు కాబట్టి వచ్చాను. వేరే ఏదైనా చెప్పి ఉంటే సోమవారం దాకా అది అక్కడే ఉండేది," అంది. మా మేనేజర్ పక్కనే నిలబడి విన్నాడు.

సోమవారం అంతా సజావుగా మొదలైంది. లారీలు ఆగలేదు. నా భార్య గిడ్డంగిలో ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకు తిరుగుతూ పనివాళ్ల పక్కనే ఉంది. సాయంత్రం ఇద్దరం సముద్రం దగ్గరికి వెళ్లాం. "ఇక పర్మనెంటేనండీ," అంది. ఆమె ఆ మాట పైకి అనడం అదొక్కసారే.

సింగపూర్ వచ్చాక సమీక్షా సమావేశం పెట్టారు. దానికి నన్ను పిలిచారు, కాంట్రాక్టు మనిషి గనక ఆమెను పిలవలేదు. డైరెక్టర్ చాలా సంతోషంగా ఉన్నాడు. "మెల్‌బోర్న్ నుంచి ఆవిడ నాకు ఫోన్ చేసింది. మీ ట్రైనర్ లాంటి నిజాయితీపరురాలిని చూడలేదు, బ్యాగ్ విషయంలో దాచకుండా చెప్పింది అని తెగ మెచ్చుకుంది," అన్నాడు. తరువాత మేనేజర్ వైపు తిరిగి, "ఏమిటా బ్యాగ్?" అని అడిగాడు.

మేనేజర్ నా వైపు చూడలేదు. బల్ల మీదున్న పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"చిన్న సంగతి. మా ట్రైనర్ లాప్‌టాప్ బ్యాగ్‌ను ఫుడ్ హాల్లో వదిలేసింది. నేను ఉన్నాను గనక మేనేజ్ చేశాం," అన్నాడు.

"కాదు సార్," అన్నాను నేను. "బ్యాగ్ పెట్టింది ఆమె కాదు. మా మేనేజర్ గారు. ఆమె వద్దంది కూడా."

డైరెక్టర్ చెయ్యి ఊపాడు. "ఎవరు పెట్టారన్నది ఇప్పుడు అనవసరం. దొరికింది కదా. తరువాతి విషయం."

ఆమె కాంట్రాక్టు ముగిసినప్పుడు పొడిగించలేదు. కారణం చెప్పలేదు. విలువైన సామాను విషయంలో అజాగ్రత్త అని డైరెక్టర్ అన్నట్టు నాకు వేరే దారిన తెలిసింది. ఎవరు పెట్టారన్నది అనవసరమైతే, ఒక్కళ్ల ఉద్యోగమే ఎందుకు పోయింది? నా ప్రశ్న మొదటి నుంచీ ఇదే.

ఆ సంగతి తెలిసిన రోజే మేనేజర్‌ను లిఫ్టు దగ్గర ఆపాను.

"నిజం మీకు తెలుసు. వెళ్లి చెప్పండి సార్," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తమ్ముడూ, నాకు యాభై ఏళ్లు. ఈ వయసులో నన్ను తీసేస్తే ఎవడిస్తాడు ఉద్యోగం? ఆమెకైతే నువ్వున్నావు. ఇల్లు నడుస్తాది. ఇంకోటి చెప్తాను, ఏమీ అనుకోకు. నువ్వు ఎంత అరిచినా, పెళ్లాం గురించి మొగుడు చెప్పే మాట ఎవడు నమ్ముతాడు?"

ఆ చివరి మాటే నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. అక్కడ ఉన్నది ముగ్గురం. ఒకరు అబద్ధమాడారు. ఒకరిని ఎవరూ అడగలేదు. మూడోవాడు భర్త. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి అడగవచ్చు గాని, ఆవిడకు తెలిసింది "మేము" వదిలామన్నది మాత్రమే.

రాజీనామా చేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. అప్పటికి కడుపులో మా అమ్మాయి పడింది. నా ఉద్యోగం పోతే పాస్ పోతుంది, పాస్ పోతే దేశం వదలాలి. సరే, ఉన్నాను. కానీ ఊరికే ఉండలేదు. ఏటా జరిగే సమీక్షలో చివర, ఇంకేమైనా చెప్పాలా అని అడిగేవాళ్లు. నేను మెల్‌బోర్న్ బ్యాగ్ సంగతి చెప్పేవాణ్ని. డైరెక్టర్ మారాడు. కొత్త డైరెక్టర్‌కు చెప్పాను. హెచ్.ఆర్.లో ఉండే చైనీస్ ఆవిడ నన్ను చూడగానే తల పట్టుకునేది. "అంకుల్, మళ్లీ అదేనా? ఆ మనిషి రిటైరై కూడా పోయాడు లా!" అనేది. "సమాధానం మాత్రం రాలేదు కదమ్మా," అనేవాణ్ని. నాకు రావలసిన ప్రమోషన్లు రెండు ఇందువల్లే ఆగాయని నా నమ్మకం. రుజువు లేదు.

నా భార్య మళ్లీ కంపెనీ ఉద్యోగానికి వెళ్లలేదు. మా బ్లాకులో పిల్లలకు లెక్కలు చెప్పింది. బాగా చెప్పిందని అందరూ అంటారు. ఆస్ట్రేలియా మాట వస్తే పెర్త్‌లో సూర్యుడు మునగడం, మాగాయ తిన్న పెద్దాయన, సిగ్గులేని పిట్టలు, వీటి గురించే చెప్పేది. బ్యాగ్ మాట ఎత్తేది కాదు, నన్ను ఎత్తనిచ్చేది కాదు. ముఖ్యంగా అమ్మాయి ముందు.

"ఎన్నాళ్లు అడుగుతారండీ?" అనేది.

"చెప్పేదాకా."

"ఆ ప్రయాణం అంతా మీకు ఆ బ్యాగేనా? నాకు అలా లేదు. బాగా తిరిగాం. బాగా పని చేశాను. నేను పని చేశానని నాకు తెలుసు."

ఆమెకు సరిపోయింది. నాకు సరిపోలేదు. ఈ విషయం మీద మేము ఎప్పుడూ ఏకాభిప్రాయానికి రాలేదు.

ఆమె పోయి ఏడాదిన్నర అయింది. జబ్బు ఎక్కువ కాలం పీడించలేదు. పరామర్శకు వచ్చినవాళ్లతో మా ఫ్లాట్ నిండిపోయింది. ఒక సాయంత్రం మా పాత మేనేజర్ వచ్చాడు. చేతికర్ర, పక్కన భార్య. బాగా ముసలివాడైపోయాడు. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. తరువాత మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టాడు.

"మీ అమ్మ బంగారం లాంటి మనిషమ్మా. ఆస్ట్రేలియాలో ఒకసారి ఆఫీసు బ్యాగ్ బల్ల మీద వదిలేసి పోగొట్టింది, పాపం. ఎంత భయపడిపోయిందో! నేనేటీ అనలేదు. చెల్లెమ్మా, నేనున్నాను కదా అన్నాను."

గదిలో ఉన్న నలుగురూ తలలూపారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ బ్యాగ్ పెట్టింది మీరు," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ఆ చూపు కోసం అన్నేళ్లు ఎదురుచూశాను. తప్పు చేసినవాడి చూపు ఎలా ఉంటుందో, దానికి నేను ఏమనాలో అంతా సిద్ధం చేసుకుని ఉన్నాను. కానీ ఆ కళ్లలో అదేమీ లేదు. నిజంగానే అర్థం కాని చూపు. ఆయనకు గుర్తున్నది ఆయన చెప్పిన కథే.

"నేనా?" అన్నాడు. తన భార్య వైపు తిరిగి, "పాపం, దుఃఖంలో ఉన్నాడు," అన్నాడు మెల్లగా.

అందరూ నన్ను కూర్చోబెట్టారు. ఎవరో మంచినీళ్లు ఇచ్చారు.

అందరూ వెళ్లాక మా అమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఇప్పుడు జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో ఇంజనీరు. తెలుగు వచ్చు గాని తనకు తోచినట్టు మాట్లాడుతుంది.

"నాన్నా, ఆ అంకుల్ చెప్పింది ట్రూనా?"

వాళ్లమ్మ వద్దన్న మాటను మొదటిసారి దాటాను. మీకు చెప్పినదంతా చెప్పాను. మధ్యలో అమ్మాయి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అంతా అయ్యాక, "అమ్మ ఎందుకు చెప్పలేదు?" అంది. తెలియదన్నాను. లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. ఎంతైనా ఇది మొగుడు పెళ్లాం గురించి చెప్పిన మాట.

మర్నాడు పొద్దున పనికి తయారై, బూట్లు వేసుకుంటూ, ఆయన నంబరు అడిగింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కనే ఉంచింది.

"అంకుల్, నిన్న మా అమ్మ గురించి మీరు ఒకటి చెప్పారు. దట్ ఈజ్ నాట్ కరెక్ట్, అంకుల్."

"ఏటమ్మా? ఏ సంగతి?"

"మెల్‌బోర్న్ బ్యాగ్. అది బల్ల మీద పెట్టింది అమ్మ కాదు. మీరు."

"నాకలా గుర్తు లేదమ్మా. ఎన్నేళ్ల కిందటిదో. మీ నాన్న చెప్పాడా?"

"అవును. నాన్న చెప్పారు. నేను నమ్ముతున్నాను."

"ముసలాణ్ని. ఇప్పుడు నన్నేటి చెయ్యమంటావు?"

"ఏమీ వద్దంకుల్. ఇంకెవరికీ అలా చెప్పకండి. అంతే లా."

"సరే తల్లీ. చెప్పను," అన్నాడు.

మా అమ్మాయి థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేసింది. రెండో బూటు తాడు కట్టుకుని, "లంచ్ తినండి నాన్నా, మర్చిపోకండి," అని బస్సుకు వెళ్లిపోయింది. ఆయన అన్న ఆ సరే తనకు చాలింది.

నాకు చాలలేదు. గుర్తు లేదనడం వేరు, నేనే పెట్టానని చెప్పడం వేరు. ఇక ముందు చెప్పనని ఆయన అన్నాడు గాని, ఇప్పటిదాకా చెప్పింది విన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. వాళ్లందరికీ ఫోన్ చేయలేను. అందుకే ఇది రాశాను. నమ్మడం మానడం మీ ఇష్టం. నేను చెప్పే మాట భర్త మాటేనని నాకు తెలుసు. దాన్ని నమ్మిన మనిషి ఒకరున్నారు.